మాట తప్పారా, రాజీ పడ్డారా? ఆరోగ్య బీమాపై పన్ను గురించి పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: 2008 అమెరికా అధ్యక్ష ఎన్నికల్లో, ఉద్యోగులకు కంపెనీలు ఇచ్చే ఆరోగ్య బీమాపై పన్ను వేయబోతున్నాడంటూ జాన్ మెకెయిన్‌ను బరాక్ ఒబామా తీవ్రంగా విమర్శించారు. తీరా గెలిచాక, 2010లో తెచ్చిన ఆరోగ్య చట్టంలో ఖరీదైన బీమా పథకాలపై 40 శాతం పన్ను పెట్టారు. దీన్ని రాజీ అని సమర్థించేవాళ్లు ఉన్నారు. ఏరు దాటాక తెప్ప తగలేయడానికీ దీనికీ తేడా ఏమిటి?
— ఒక రాజనీతి శాస్త్ర విద్యార్థి

జవాబు: ముందు ఏ మాట ఇచ్చారో, అందులో ఏది తప్పారో విడదీసి చూడాలి. 2008 సెప్టెంబరులో న్యూహాంప్‌షైర్ రాష్ట్రంలోని డోవర్‌లో మాట్లాడుతూ, ఏడాదికి 2,50,000 డాలర్ల కంటే తక్కువ ఆదాయం ఉన్న ఏ కుటుంబంపైనా ఏ రూపంలోనూ పన్ను పెంచబోనని ఒబామా గట్టిగా హామీ ఇచ్చారు. అది నోటితో ఇచ్చిన మాట. రెండోది ప్రత్యర్థిపై చేసిన విమర్శ రూపంలో జనం మనసులో నాటిన మాట. మెకెయిన్ మీ ఆరోగ్య బీమాపై పన్ను వేస్తాడని టీవీ ప్రకటనల్లో పదేపదే చెప్పినప్పుడు, చెప్పేవాడు మాత్రం ఆ పని చేయడని విన్నవాళ్లు అనుకోవడం సహజం. ఎన్నికల్లో ఇలాంటి మాటకు కూడా హామీకి ఉన్నంత బరువు ఉంటుందని నేను నమ్ముతాను.

అసలు ఈ పన్ను లేకపోవడం ఎక్కడ మొదలైందో తెలిస్తే తక్కినది అర్థమవుతుంది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో, 1942లో, ధరలు అదుపు తప్పకుండా అమెరికా ప్రభుత్వం జీతాల పెంపుపై ఆంక్షలు పెట్టింది. పనివాళ్లు దొరకక ఇబ్బంది పడుతున్న కంపెనీలు జీతానికి బదులు ఆరోగ్య బీమా ఇస్తామని ముందుకొచ్చాయి, ఎందుకంటే దానికి ఆ ఆంక్షలు వర్తించలేదు. ఆ బీమా విలువను ఉద్యోగి ఆదాయంగా లెక్కించనక్కర్లేదని 1954 నాటి ఆదాయపు పన్ను చట్టం స్పష్టంగా రాసేసింది. అలా యుద్ధకాలపు సర్దుబాటు ఒకటి దేశం మొత్తానికీ అలవాటైపోయింది.

ఈ మినహాయింపులో పెద్ద అన్యాయం ఒకటి దాగి ఉంది. 2009లో కంపెనీ ద్వారా వచ్చే కుటుంబ బీమా సగటు ప్రీమియం 13,375 డాలర్లు. ఇదంతా జీతంగా చేతికొచ్చి ఉంటే, అప్పటి 15 శాతం శ్లాబులో ఉన్న చిరుద్యోగి దానిపై సుమారు 2,000 డాలర్ల ఆదాయపు పన్ను కట్టాల్సి వచ్చేది. 35 శాతం శ్లాబులో ఉన్న పెద్ద అధికారి సుమారు 4,700 డాలర్లు కట్టాల్సి వచ్చేది. అంటే ఒకే బీమాపై ప్రభుత్వం అధికారికి రెండింతలకు పైగా వదులుకుంటోంది. కంపెనీ బీమా అసలే లేని హోటల్ కార్మికుడికి ఇందులో పైసా దక్కదు. పార్టీలతో పని లేకుండా చాలామంది ఆర్థికవేత్తలు ఈ మినహాయింపును తప్పుపట్టడానికి ఇది ఒక కారణం. ఎంత ఖరీదైన పథకమైనా పన్ను లేదు కాబట్టి వైద్య ఖర్చును అదుపు చేయాలన్న ఒత్తిడి ఎవరిమీదా ఉండదన్నది రెండో కారణం.

మెకెయిన్ ప్రతిపాదన ఈ లోపాన్ని సరిచేయడానికే వచ్చింది. ఆదాయపు పన్నులో మినహాయింపు తీసేసి, దానికి బదులు ఒంటరి వ్యక్తికి 2,500 డాలర్లు, కుటుంబానికి 5,000 డాలర్లు పన్ను రాయితీగా అందరికీ సమానంగా ఇస్తానన్నారు. అందులో నిజమైన బలహీనతలు ఉన్నాయి. ప్రీమియాలు పెరిగినంత వేగంగా ఆ రాయితీ పెరగదు. పైగా, కంపెనీ నీడ వదిలి సొంతంగా బీమా కొనుక్కోవడానికి వెళ్లిన మధుమేహ రోగిని బీమా సంస్థలు అప్పట్లో చాలా రాష్ట్రాల్లో గుమ్మం దగ్గరే తిప్పి పంపేవి. ఒబామా ప్రచారం ఈ విషయాలనే ముందు పెట్టి ఉంటే ఈ రోజు మీరు ఈ ప్రశ్న వేసి ఉండేవారు కాదు. ఆ ప్రకటనల్లో జనం గుండెకు తగిలింది మాత్రం పన్ను అన్న మాట.

ఇక 2009కి వద్దాం. కోట్లాది మందికి కొత్తగా బీమా ఇవ్వాలంటే డబ్బు కావాలి. సెనేట్ ముందుకు వచ్చిన బిల్లులో ఒక నిబంధన ఉంది. ఒంటరి వ్యక్తి పథకం 8,500 డాలర్లు, కుటుంబ పథకం 23,000 డాలర్లు దాటితే, ఆ దాటిన మొత్తంపై 40 శాతం ఎక్సైజ్ పన్ను కట్టాలి. ఖరీదైన కారు పేరుతో దానికి కాడిలాక్ పన్ను అన్న పేరు స్థిరపడింది. ప్రతినిధుల సభ వేరే దారి పట్టి, ఏటా 5 లక్షల డాలర్లు దాటిన వ్యక్తులపైనా, 10 లక్షలు దాటిన దంపతులపైనా 5.4 శాతం అదనపు పన్ను ప్రతిపాదించింది. ఆ సభ తన బిల్లును 2009 నవంబరు 7న 220-215 ఓట్లతో నెగ్గించుకుంది. సెనేట్ తన బిల్లును డిసెంబరు 24న 60-39 ఓట్లతో ఆమోదించింది. సెనేట్‌లో చర్చను ముగించి ఓటింగుకు వెళ్లడానికే 60 ఓట్లు కావాలి, ప్రతిపక్షం నుంచి ఒక్క ఓటూ రాలేదు. ఒక్క సభ్యుడు అలిగినా బిల్లు పోయేదే.

అటువంటి చోట పట్టువిడుపులు లేకుండా ఏదీ జరగదు, కాబట్టి రాజీ పడటాన్ని నేను తప్పుపట్టను. ఆ రాజీకి ప్రతిఫలం కూడా చిన్నది కాదు. ముందే జబ్బు ఉందన్న సాకుతో బీమా నిరాకరించకూడదన్న నియమం దాని వల్లే వచ్చింది. నాకు ఓటు ఉండి ఉంటే ఆ బిల్లుకే వేసేవాణ్ని.

కానీ రాజీ పడ్డామని చెప్పకుండా, మాట తప్పలేదని చెప్పడాన్ని తప్పుపడతాను. 2009 సెప్టెంబరు 9న కాంగ్రెస్ ఉభయ సభల ముందు మాట్లాడినప్పుడు, అత్యంత ఖరీదైన పాలసీలపై బీమా సంస్థల నుంచి రుసుము వసూలు చేస్తామన్నట్టుగా ఒబామా చెప్పారు. కట్టేది బీమా సంస్థ కాబట్టి కుటుంబాలపై పన్ను కాదన్నది అక్కడి తర్కం. చెక్కు రాసేది ఒకరైతే భారం మోసేది మరొకరన్న సంగతి ఆ లెక్కలు వేసిన వాళ్లందరికీ తెలుసు. కంపెనీలు ఈ పన్నుకు భయపడి ఖరీదైన పథకాలను తగ్గిస్తాయి, మిగిలిన డబ్బును జీతాల్లో కలుపుతాయి, ఆ పెరిగిన జీతంపై మామూలు పన్ను వస్తుంది అన్నది అసలు ఆలోచన. రాబడి అంచనాల్లో అధిక భాగం ఇలా పెరగబోయే జీతాల మీద ఆదాయపు పన్నుగా రావాల్సినదే. ఆ జీతాలు తీసుకునేవాళ్లలో 2,50,000 డాలర్ల లోపు వాళ్లు ఎంతోమంది ఉంటారు. అక్షరాల్లో మాట నిలిచినా, అర్థంలో తప్పింది. అందుకే మీ సామెత పూర్తిగా వర్తించదు గానీ, పూర్తిగా కొట్టేయడమూ కుదరదు.

ప్రశ్న: నేను చాలా ఏళ్లుగా అమెరికాలో ఉద్యోగం చేస్తున్నాను. 2015 ప్రాంతంలో మా కంపెనీ ఈ పన్ను రాబోతోందని చెప్పి, అప్పటిదాకా ఉన్న మంచి పథకాన్ని తీసేసి డిడక్టిబుల్ (బీమా చెల్లించడం మొదలయ్యేముందు మన జేబులోంచి కట్టాల్సిన మొత్తం) చాలా ఎక్కువ ఉన్న పథకాన్ని ఇచ్చింది. దానికి తగ్గట్టు జీతం పెరగలేదు. తరువాత ఆ పన్ను రానే లేదు, మా పాత పథకమూ తిరిగి రాలేదు. ఇది రాజీ అయితే, ఇందులో నాకు దక్కింది ఏమిటి?
— అమెరికా నుంచి ఒక పాఠకురాలు

జవాబు: మీ లేఖ చదివాక నాకు నిజంగా బాధ కలిగింది, ఎందుకంటే మొత్తం చర్చలో అతి తక్కువగా వినిపించిన గొంతు మీలాంటి వాళ్లదే.

ఏటా జనవరి చివర్లో కంపెనీ మీకు ఇచ్చే, ఏడాది జీతం, పన్నుల వివరాలుండే డబ్ల్యూ-2 కాగితాన్ని ఒకసారి తీసి చూడండి. 12వ గడిలో చిన్న అక్షరాలతో వరుసగా కోడ్‌లు ఉంటాయి. వాటిలో డీడీ అన్న కోడ్ పక్కన ఉన్న అంకె, మీ బీమాకు కంపెనీ పెట్టినదీ మీ జీతంలోంచి కోసినదీ కలిపి ఆ ఏడాది అయిన మొత్తం ఖర్చు. దానిపై పన్ను లేదు, అది సమాచారం కోసం మాత్రమే. ఆ అంకె అక్కడ కనబడాలని నిర్దేశించింది కూడా 2010 చట్టమే. నిజానికి ఆ అంకె మీ సంపాదనే. మీ శ్రమకు ప్రతిఫలంగా కంపెనీ వెచ్చించేదాంట్లో అదొక భాగం.

ఆ అంకె తగ్గితే మొదటి గడిలోని జీతం పెరగాలన్నది ఆర్థికవేత్తల సూత్రం. శ్రామికుల మార్కెట్ మొత్తాన్ని తీసుకుని, చాలా ఏళ్ల సగటున చూస్తే అందులో నిజం ఉండవచ్చు. ఒక కంపెనీలో ఒక ఏడాదిలో ఒక మనిషికి అది జరిగి తీరుతుందని మాత్రం ఏ చట్టమూ చెప్పలేదు. బీమా తగ్గించడానికి కంపెనీకి ఒక ఉత్తరం చాలు, జీతం పెంచాలంటే ఎవరో ఒకరు బేరమాడాలి. బేరమాడే శక్తి లేనివాళ్లకు సూత్రంలోని మొదటి సగమే అనుభవంలోకి వచ్చింది.

డిడక్టిబుల్ పెంచడం వల్ల వృథా ఖర్చు తగ్గుతుందన్న వాదనలో కొంత బలం ఉంది, కొంత ప్రమాదమూ ఉంది. 1974 నుంచి 1982 వరకు అమెరికాలో ర్యాండ్ అనే పరిశోధన సంస్థ కుటుంబాలను వేర్వేరు బీమా పథకాల్లో ఉంచి పెద్ద ప్రయోగం చేసింది. జేబులోంచి కొంత కట్టాల్సి వచ్చినవాళ్లు వైద్యాన్ని గణనీయంగా తక్కువగా వాడారు, సగటు మనిషి ఆరోగ్యంలో పెద్ద తేడా కనబడలేదు. అయితే వాళ్లు అనవసరమైన వైద్యాన్నే కాక అవసరమైనదాన్ని కూడా దాదాపు అదే మోతాదులో మానుకున్నారు. పేదవాళ్లలో, ముఖ్యంగా రక్తపోటు ఉన్నవాళ్లలో, ఉచిత వైద్యం అందినవాళ్లే మెరుగ్గా ఉన్నారు. ఏ పరీక్ష అవసరమో, ఏది కాదో రోగికి తెలియదు. ఆ నిర్ణయాన్ని ధరకు వదిలేస్తే నష్టపోయేది ఎవరో ఈ ప్రయోగం నలభై ఏళ్ల కిందటే చూపించింది.

ఖరీదైన పథకమంటే విలాసమని అనుకోవడం మరో పొరపాటు. వయసు మళ్లిన ఉద్యోగులు ఎక్కువగా ఉన్న చోట, అలాస్కా వంటి వైద్యం ఖరీదైన ప్రాంతంలో, ఒకరిద్దరు జబ్బుపడితే ప్రీమియం ఎగబాకే చిన్న కంపెనీల్లో, మామూలు పథకమే కాడిలాక్ ధరకు చేరుతుంది. చట్టం ఇది కొంత గుర్తించి, అగ్నిమాపక సిబ్బంది, గని కార్మికులు వంటి ప్రమాదకర వృత్తులవారికి పరిమితిని కుటుంబానికి 30,950 డాలర్లకు పెంచింది. తక్కినవాళ్ల విషయంలో అంత శ్రద్ధ కనబడలేదు.

మీకు దక్కింది ఏమిటని అడిగారు. రేపు మీరు ఉద్యోగం మానేసినా, జబ్బు పేరు చెప్పి ఏ బీమా సంస్థా మిమ్మల్ని కాదనలేదు. అది చిన్న విషయం కాదు. కానీ దానికి మీరు ఇంత ధర కడుతున్నారని మీకెవరూ ముందు చెప్పలేదు, మీ సమ్మతి అడగలేదు. మీ ఫిర్యాదు న్యాయమైనదే.

ప్రశ్న: 2010లో కార్మిక సంఘాలు వైట్‌హౌస్‌తో మాట్లాడి తమ సభ్యులకు మాత్రమే మినహాయింపు తెచ్చుకున్నాయని చదివాను. అది రాజీనా, స్వార్థమా?
— ఒక పదవీ విరమణ చేసిన సంఘ కార్యకర్త

జవాబు: వాళ్ల కోపంలో న్యాయం ఉంది, వాళ్లు తెచ్చుకున్న పరిష్కారంలో లేదు. దశాబ్దాలుగా సంఘాలు జీతం పెంపు వదులుకుని బీమా తీసుకున్నాయి. ఒక్కో ఒప్పందంలో గంటకు ఇన్ని సెంట్లు వద్దు, డాక్టరు దగ్గర మేం కట్టే వంతు (కాపే) పెంచవద్దు అని బేరమాడి సంపాదించుకున్నవి ఆ పథకాలు. ఆ బేరం కుదిరిన తరువాత ప్రభుత్వం వచ్చి దానిపై పన్ను వేస్తానంటే, పైగా అదే పన్ను పేరు చెప్పి ప్రత్యర్థిని ఓడించడానికి ఈ సంఘాల కార్యకర్తలే ఇల్లిల్లూ తిరిగి ఉంటే, వాళ్లకు ఎలా ఉంటుందో మీకు నేను చెప్పనక్కర్లేదు.

2010 జనవరి 14న కుదిరిన ఒప్పందంలో కుటుంబ పరిమితిని 24,000 డాలర్లకు పెంచారు. సంఘాల ఒప్పందాల కింద ఉన్న పథకాలకు 2018 దాకా పన్ను లేదన్నారు. దాంతో ఒకే ప్రీమియం, ఒకే రకం పని, ఒకే ఊరు అయినా, సంఘం ఉన్న కార్మికుడికి పన్ను లేదు, లేనివాడికి ఉంది అన్నట్టయింది. అయిదు రోజులు తిరగకుండానే, ఎడ్వర్డ్ కెన్నెడీ మరణంతో ఖాళీ అయిన మసాచుసెట్స్ సెనేట్ స్థానాన్ని రిపబ్లికన్ అభ్యర్థి స్కాట్ బ్రౌన్ గెలిచారు. డెమోక్రాట్ల 60 ఓట్లు 59కి పడిపోయాయి, ఆ ఒప్పందం ఆ రూపంలో నిలవలేదు.

చివరికి వాయిదాను అందరికీ వర్తింపజేశారు. పన్ను 2018లో మొదలవుతుందని, పరిమితి ఒంటరి వ్యక్తికి 10,200 డాలర్లు, కుటుంబానికి 27,500 డాలర్లు అని 2010 మార్చిలో ఖరారు చేశారు. సంఘాలకూ తక్కినవాళ్లకూ మధ్య తేడా అలా పోయింది, అది మంచిదే. సెనేట్ బిల్లులో పదేళ్లకు సుమారు 14,900 కోట్ల డాలర్లు తెస్తుందనుకున్న పన్ను, ఆ తుది రూపంలో అదే పదేళ్లకు సుమారు 3,200 కోట్లకు తగ్గింది. 2,50,000 డాలర్లు దాటిన దంపతుల సంపాదనపై 0.9 శాతం అదనపు మెడికేర్ (వృద్ధులకు ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా) పన్ను సెనేట్ బిల్లులో అప్పటికే ఉంది, ఆ లోటు పూడ్చడానికి వాళ్ల పెట్టుబడి ఆదాయంపై కూడా 3.8 శాతం పన్ను పెట్టారు. గమనించండి, ఈ రెండూ ఒబామా ఇచ్చిన హామీకి లోబడినవి. అంటే మాట నిలబెట్టుకునే దారి మొదటి నుంచీ ఉంది, ఒత్తిడి వస్తే గాని దానివైపు పూర్తిగా చూడలేదు.

ప్రశ్న: పరిస్థితులు మారినప్పుడు నాయకుడు మాట మార్చుకోక తప్పదు కదా? మార్చుకోవాల్సి వస్తే ఎలా మార్చుకోవాలి?
— ఒక ఉపాధ్యాయుడు

జవాబు: తప్పనప్పుడు మార్చుకోవాల్సిందే, అయితే జనం ముందు నిలబడి చెప్పి మార్చుకోవాలి. ఇందుకు అమెరికా చరిత్రలోనే రెండు ఉదాహరణలు ఉన్నాయి, రెండూ చేదువే.

జార్జ్ హెచ్. డబ్ల్యూ. బుష్ 1988 ఆగస్టులో న్యూ ఆర్లీన్స్‌లో జరిగిన పార్టీ మహాసభలో కొత్త పన్నులు వేసేది లేదని, నా పెదవులు చూసి చదువుకోండన్నంత గట్టిగా చెప్పారు. 1990లో లోటు పెరిగిపోయి, ప్రతిపక్షం చేతిలో ఉన్న కాంగ్రెస్‌తో బడ్జెట్ ఒప్పందం చేసుకోక తప్పక, పై శ్లాబు పన్నును 28 నుంచి 31 శాతానికి పెంచడానికి అంగీకరించారు. 1992లో ఓడిపోయారు. ఆ ఓటమికి ఆర్థిక మాంద్యం వంటి ఇతర కారణాలూ ఉన్నాయి. నా దృష్టిలో 1990లో ఆయన చేసిన పని సరైనదే, తప్పు 1988లో జరిగింది. గెలుపు కోసం, నిలబెట్టుకోలేనంత గట్టి మాట ఇచ్చారు.

రెండోది మన విషయానికి ఇంకా దగ్గరది. 1988లో వృద్ధుల మెడికేర్‌కు పెద్ద జబ్బుల ఖర్చు నుంచి రక్షణ కల్పిస్తూ చట్టం తెచ్చి, దాని ఖర్చు వృద్ధులే భరించాలన్నారు. కాస్త స్థితిమంతులైన వృద్ధులపై మొదటి ఏడాది గరిష్ఠంగా 800 డాలర్ల అదనపు పన్ను పడింది. ప్రయోజనాల్లో ఎక్కువ భాగం అందకముందే పన్ను కనబడింది. ఆ ప్రయోజనాల్లో చాలావరకు తమకు వేరే బీమా ద్వారా ముందే ఉన్నాయన్నది వాళ్లలో అనేకుల బాధ. 1989 ఆగస్టులో షికాగోలో, పన్నుల సంఘానికి అధ్యక్షుడైన డాన్ రోస్టెన్‌కౌస్కీ ఒక సమావేశం నుంచి బయటికి వస్తుంటే వృద్ధులు ఆయన కారును చుట్టుముట్టారు. చేతుల్లోని అట్టముక్కలతో కారును కొట్టారు, ఒక పెద్దావిడ బానెట్ మీదికి ఒరిగి కదలనివ్వలేదు. ఆయన కారు దిగి నడిచి వెళ్లాల్సి వచ్చింది. ఆ ఏడాది తిరగకముందే అదే కాంగ్రెస్ ఆ చట్టంలోని ముఖ్య భాగాలను రద్దు చేసింది.

ఆ దృశ్యాన్ని వాషింగ్టన్ మరిచిపోలేదని, అందుకే 2010లో వరుసను తిరగేశారని నేను అనుకుంటున్నాను. ప్రయోజనాలు 2014లో, పన్ను 2018లో. ఒబామా రెండోసారి గెలిచినా పదవీకాలం 2017 జనవరితో ముగుస్తుంది. ఇది నాకు మాట తప్పడం కంటే ఎక్కువ అభ్యంతరకరంగా కనబడుతుంది. ఇద్దరు కూర్చుని చెరికొంత వదులుకుంటే దాన్ని రాజీ అనవచ్చు. ఇద్దరూ ఏమీ వదులుకోకుండా, ఆ గదిలో లేని మూడో మనిషి పేరున, ఎనిమిదేళ్ల తరువాతి తేదీ వేసి బిల్లు రాస్తే దాన్ని వాయిదా అనాలి. 2016 ఎన్నికల్లో రెండు పార్టీల ముఖ్య అభ్యర్థులూ ఈ పన్నును వ్యతిరేకించారు. దాన్ని అమలు చేయాల్సిన వాళ్లెవరూ దాని తరఫున జనానికి మాట ఇవ్వలేదు.

ఎలా మార్చుకోవాలని అడిగారు కనుక చెబుతున్నాను. నేను ఫలానా మాట ఇచ్చాను, ఫలానా కారణం వల్ల నిలబెట్టుకోలేకపోతున్నాను, దీనివల్ల మీలో ఫలానా వాళ్లకు ఇంత భారం పడుతుంది, బదులుగా ఇది వస్తుంది అని ఆ భారం పడేవాళ్లకే చెప్పాలి. అది చెబితే ఓట్లు పోతాయని భయపడతారు. పోవచ్చు కూడా. కానీ చెప్పకుండా పెట్టిన పన్నుకు అండగా నిలబడేవాళ్లు ఎవరూ మిగలరు, దాని గతి ఏమైందో తరువాతి ప్రశ్నలోనే ఉంది.

ప్రశ్న: చివరికి ఆ పన్ను అమలు కాకుండానే రద్దయింది కదా. అంటే మాట నిలబడినట్టేనా?
— ఒక పాఠకుడు

జవాబు: 2015 డిసెంబరులో దాన్ని 2020కి, 2018 జనవరిలో 2022కి వాయిదా వేశారు. 2019 జులైలో ప్రతినిధుల సభ 419-6 ఓట్లతో రద్దుకు ఓటేసింది. ఏ విషయంలోనూ కలవని రెండు పార్టీలు ఇంతలా కలిసిన సందర్భాలు అరుదు. అదే ఏడాది డిసెంబరు 20న డొనాల్డ్ ట్రంప్ సంతకంతో పన్ను శాశ్వతంగా పోయింది. ఒక్క డాలరు కూడా వసూలు కాలేదు.

మాట నిలబడిందని దీన్ని నేను అనలేను. ఇచ్చినవాడు నిలబెట్టింది కాదు, మోయడానికి ఎవరూ సిద్ధపడక పడిపోయింది. పైన లేఖ రాసిన పాఠకురాలి పాత పథకం తిరిగి రాలేదు. అధికారికి రెండింతలు, చిరుద్యోగికి సగం, బీమా లేనివాడికి సున్నా ఇచ్చే 1954 నాటి మినహాయింపు అలాగే ఉంది, దాన్ని సరిచేస్తానని చెప్పే ధైర్యం ఇప్పుడు ఏ అభ్యర్థికీ లేదు. కంపెనీ ద్వారా వచ్చే కుటుంబ బీమా సగటు ప్రీమియం 2024లో 25,572 డాలర్లకు చేరింది. 12వ గడిలో డీడీ కోడ్ పక్కన ఆ అంకె ఏటా పెరుగుతూనే ఉంది, దానిపై పన్ను మాత్రం ఈ నాటికీ లేదు.